పైథాన్ పాఠాలు – 7: వేరియబుల్ పరిధి, లోకల్, గ్లోబల్

గత పాఠంలో ఫంక్షన్ రాయడం, దానికి విలువలు అందించడం నేర్చుకున్నాం. ఫంక్షన్ లోపల పుట్టిన వేరియబుల్ ఎంతవరకు చెల్లుతుంది, బయట ఉన్నదాన్ని లోపల ఎంతవరకు వాడుకోవచ్చు అన్నది ఈ పాఠంలో చూద్దాం.

బెంగళూరు మారతహళ్లిలోని ఒక పీజీలో ఒకే గదిలో ఉంటూ కోర్సు నేర్చుకుంటున్న కర్నూలు, అనంతపురం కుర్రాళ్లు నలుగురు, గది ఖర్చుల లెక్కకు ఒక చిన్న ప్రోగ్రాం రాసుకుని, అది మధ్యలో ఆగిపోతోందని నాకు చూపించారు. అందులో అసలు భాగం ఇది.

ఖర్చు = 4500
డెఫ్ చూపు():
    ప్రింట్(ఖర్చు)
డెఫ్ కలుపు(కొత్తది):
    ఖర్చు = ఖర్చు + కొత్తది
చూపు()
కలుపు(900)

డెఫ్, ప్రింట్ వంటి పైథాన్ మాటలను మీరు ఇంగ్లీషు అక్షరాల్లోనే టైపు చేయాలి. మనం పెట్టుకునే పేర్లు తెలుగులో ఉన్నా పైథాన్ 3 ఒప్పుకుంటుంది.

చూపు() పిలిస్తే 4500 వచ్చింది. కలుపు(900) దగ్గర మాత్రం అన్‌బౌండ్ లోకల్ ఎర్రర్ వచ్చి ప్రోగ్రాం ఆగింది. "అన్నా, ఖర్చు పైనే ఉంది కదా, ఒక ఫంక్షన్‌కు కనిపించింది ఇంకోదానికి ఎందుకు కనిపించలేదు?" అని వారిలో ఒకడు అడిగాడు. ఈ పాఠానికి ఆయువుపట్టు ఆ ప్రశ్నే.

ఫంక్షన్‌ను నడపడానికి ముందే పైథాన్ దానిలోని వరుసలన్నీ చదివి, ఏ పేరుకు లోపల ఎక్కడైనా విలువ ఇస్తున్నామో ఆ పేరును ఆ ఫంక్షన్ సొంతంగా, అంటే లోకల్‌గా, నిర్ణయించేస్తుంది. కలుపులో ఖర్చుకు విలువ ఇస్తున్నాం కనుక సమాన గుర్తుకు కుడివైపున్న ఖర్చు కూడా లోపలిదే అయింది, దానికేమో ఇంకా విలువ లేదు. చూపులో విలువ ఇవ్వడం లేదు, చదవడమే, కాబట్టి పైథాన్ బయటికి వెళ్లి, ఏ ఫంక్షన్‌లోనూ లేకుండా పైన ఉన్న, అంటే గ్లోబల్ అయిన, ఖర్చును తెచ్చుకుంది. నమ్మకం కుదరకపోతే చూపులో ప్రింట్ కింద ఖర్చు = 0 అని ఒక వరుస చేర్చి నడపండి; ఇంతకుముందు చక్కగా పనిచేసిన ప్రింట్ వరుసే, తన కింద చేరిన వరుస వల్ల, ఇప్పుడు తప్పు చూపిస్తుంది.

కలుపు లోపల మొదటి వరుసగా "గ్లోబల్ ఖర్చు" అని రాస్తే, పైథాన్ లోపల సొంత ఖర్చును పెట్టుకోకుండా బయటి ఖర్చునే మారుస్తుంది, పని జరుగుతుంది. అయినా నేను దాన్ని వీలైనంత తప్పిస్తాను. ఇరవై ఫంక్షన్లు ఒకే గ్లోబల్‌ను మారుస్తుంటే, లెక్క తప్పిన రోజున ఇరవైనీ వెతకాలి; ఒకసారి అలా వెతుకుతూ తెల్లవార్లూ కూర్చున్నాను. దానికంటే ఖర్చును కూడా కలుపుకు అందించి, కూడిన మొత్తాన్ని రిటర్న్ చేయించి, అంటే పిలిచిన చోటికే తిరిగి ఇప్పించి, ఖర్చు = కలుపు(ఖర్చు, 900) అని బయటే దాచుకోవడం మేలు. అప్పుడు విలువ ఎక్కడ మారిందో ఆ వరుసే చెబుతుంది.

సీ, జావా నేర్చుకుని వచ్చినవారు ఒకటి గమనించాలి: పైథాన్‌లో ఇఫ్, ఫర్ కొత్త పరిధిని సృష్టించవు, వాటిలో పుట్టిన పేరు ఆ తరువాత కూడా ఉంటుంది.

అభ్యాసం: కలుపును రిటర్న్ చేసేలా మార్చాక, కలుపు(ఖర్చు, 900) అని పిలిచి ఫలితాన్ని ఏ పేరుకూ ఇవ్వకుండా వదిలేస్తే, తరువాతి వరుసలో చూపు() ఏ సంఖ్య చూపిస్తుందో నడపకముందే కాగితం మీద రాసుకోండి.