24 గంటల కార్ల రేసు తిరుపతిలో కూర్చోని ఎట్ల చూడాలంటే

ఫార్ములా వన్ చూసే అలవాటుండే వాళ్ళు కూడా ఫ్రాన్స్‌లో జరిగే 24 గంటల రేసు లె మాన్స్ పెట్టుకోని పది నిమిషాల్లో ఆపేస్తాండారు, ఎందుకంటే ఆడ ట్రాక్ మీద 62 కార్లు ఉంటాయి, ఒకటేమో విమానం మాదిరి దూసుకుపోతాది, ఇంకోటి చూస్తే రోడ్డు మీద తిరిగే పోర్షే లెక్కనే ఉంటాది, ఎవరు ఎవర్ని దాటినారో, ఆ దాటింది ప్లేస్ కోసమో ఊరికేనో ఒక పట్టాన అర్థం కాదు. కానీ కొంచెం రెడీ అయి కూర్చుంటే దీన్ని మించిన రేసు లేదు, అది నా లెక్క.

ముందు క్లాసుల సంగతి. మన పక్క తిరునాళ్ళలో బండలాగుడు పోటీలు పెడితే పాలపళ్ళు, రెండు పళ్ళు, నాలుగు పళ్ళు, సీనియర్లు అని విభాగాలు ఉంటాయి కదా, ఆ జతలన్నింటినీ ఒకే బరిలో ఒకేసారి వదిలి ఎవురి ప్రైజు వాళ్ళకే ఇస్తే ఎట్లుంటాదో మల్టీ క్లాస్ రేసు అట్లనే. లె మాన్స్‌లో మూడు క్లాసులు. హైపర్‌కార్ అంటే పైన ఉండేది, ఫెరారీ, టొయోటా, కాడిలాక్ ఇట్లాంటి కంపెనీలు రేసు కోసమే కట్టిన కార్లు. మధ్యలో ఎల్‌ఎంపీ2, దీంట్లో అందరూ ఒకే ఒరెకా కారు, ఒకే గిబ్సన్ ఇంజనే వాడతారు కాబట్టి తేడా అంతా డ్రైవర్‌లో, పిట్ (పెట్రోలుకు, టైర్లకు కారు ఆపే చోటు) పనిలోనే తేలాల. కింద ఎల్‌ఎంజీటీ3, కార్వెట్, మస్టాంగ్, ఆస్టన్ మార్టిన్ మాదిరి రోడ్డు కార్లనే రేసుకు మార్చినవి. కారు నంబర్ ఉండే బోర్డు రంగు చూస్తే చాలు, హైపర్‌కార్‌కి ఎరుపు, ఎల్‌ఎంపీ2కి నీలం, జీటీ3కి నారింజ. రెండు కార్లది ఒకే రంగైతే అది ప్లేస్ కోసం కొట్లాట, రంగులు వేరేగా ఉంటే అది ఉత్త ట్రాఫిక్కు. ఈ ఒక్క ముక్క తెలిస్తే సగం రేసు అర్థమైనట్టే.

ఇంక అసలు చెప్పాలనుకున్నది ఇదీ: లీడర్‌ని చూడొద్దు. మొదటిసారి చూసేవాళ్ళు జీటీ3లో ఒక్క కారు పట్టుకోండి, రంగు నచ్చిందనో నంబర్ నచ్చిందనో ఏదో ఒకటి, బైకు రేసుల వాలెంటీనో రోసీ 2024లో, 2025లో ఇదే క్లాసులో బీఎండబ్ల్యూ 46 నంబర్ కారు నడిపినాడు, అట్ల తెలిసిన మనిషి ఉంటే ఇంకా మంచిది. ఎందుకు జీటీ3 అంటే, ట్రాక్ 13.6 కిలోమీటర్లు, హైపర్‌కార్ దాన్ని మూడున్నర నిమిషాల్లో చుట్టేస్తాది, జీటీ3కి దగ్గర దగ్గర నాలుగు నిమిషాలు పడతాది, అంటే ఏడెనిమిది ల్యాపులకోసారి (ల్యాప్ అంటే ట్రాక్ ఒక చుట్టు) ఆ పెద్ద కార్లు వచ్చి దీన్ని దాటిపోతానే ఉంటాయి, 24 గంటలూ ఇదే. వెనకనుంచి లైట్లు వేసుకోని వస్తాంటే ముందున్నోడు తన పోటీ తను చూసుకోవాల, అద్దంలో వాళ్ళనీ చూసుకోవాల. రూలు ఏందంటే నెమ్మది కారు భయపడి పక్కకు తప్పుకోకూడదు, తన లైన్లో తను పోతాండాల, ఎట్ల దాటాలనేది వేగం కారోడి తలనొప్పి. పొడుగ్గా ఉండే మల్సాన్ స్ట్రెయిట్‌లో దాటేది సులువు, పోర్షే కర్వ్స్ అనే మలుపుల దగ్గర మాత్రం ఒక జీటీ3 వెనక ఇరుక్కున్నాడా సెకన్లు పోయినట్టే. 2025లో 24 గంటలు కొట్లాడినాక మొదటి ఫెరారీకి రెండో పోర్షేకి తేడా 14 సెకన్లు! ఆ 14 సెకన్లు ఎన్ని చోట్ల ట్రాఫిక్‌లో వచ్చింటాయో పోయింటాయో చూసుకోండి.

జీటీ3లో ఇంకో తమాషా ఉంది. డ్రైవర్లకు ప్లాటినం, గోల్డ్, సిల్వర్, బ్రాంజ్ అని రేటింగులు ఇస్తారు, ఈ క్లాసులో ప్రతి కారుకూ ఒక బ్రాంజ్ డ్రైవర్ తప్పనిసరి. బ్రాంజ్ అంటే చాలావరకు వ్యాపారాలు చేసుకుంటా రేసింగ్ పిచ్చి ఉండే పెద్దమనుషులు, వాళ్ళు కూడా కనీస టైం నడపాల్సిందే, దాపెట్టేదానికి లేదు. అందుకే ఒక కారు క్లాసులో మొదటి ప్లేస్‌లో ఉందంటే సంబరపడేముందు లోపల ఎవురున్నారో చూడండి, వాళ్ళ బ్రాంజ్ ఇంకా ఎక్కకపోయింటే ఆ లీడ్ నిలబడేది కాదు.

ఇదంతా కనపడేది లైవ్ టైమింగ్ పేజీలో (ఏ కారు ఏ ప్లేస్‌లో ఉందో ఎప్పటికప్పుడు చూపించే వెబ్ పేజీ), టీవీలో కాదు. రేసు ఒక స్క్రీన్ మీద పెట్టుకోని ఫోన్‌లో టైమింగ్ తెరిచి పెట్టుకోండి. దాంట్లో పది కాలమ్స్ ఉన్నా మనకు కావాల్సింది క్లాసులో ప్లేస్, ఇప్పుడు నడిపే డ్రైవర్ పేరు, పోయిన ల్యాప్ టైం, పిట్‌కి ఎన్నిసార్లు వచ్చినాడు, అంతే. హైపర్‌కార్ ఇంచుమించు 40, 45 నిమిషాలకోసారి పెట్రోలుకు వస్తాది, కాబట్టి పక్కోడి కంటే ఒక స్టాప్ తక్కువ చేసినోడు ముందుంటే అది నిజం లీడ్ కాదు. పిట్‌లో పెట్రోలు కొట్టేటప్పుడు టైర్లు మార్చకూడదు, ఒకటి అయినాకే ఇంకోటి, అందుకే టైర్లు మార్చకుండా పోయినోడు ఎందుకు పోయినాడో ఆలోచిస్తే మజా వస్తాది.

టైం సంగతి మనకు బాగా కలిసొస్తాది. రేసు జూన్‌లో, ఫ్రాన్స్‌లో శనివారం సాయంత్రం నాలుగు గంటలకు మొదలు, మనకు రాత్రి ఏడున్నర. శనివారం ఒక్కపొద్దు ఉండేవాళ్ళు టిఫిన్ తినేసి కూర్చోవచ్చు. తొమ్మిదిన్నర దాకా చూసి పడుకోండి, రాత్రంతా మేలుకుంటామనే మొండితనం వద్దు, ఎందుకంటే ఆడ చీకటి పడేదే మన టైం ప్రకారం ఒకటిన్నర దగ్గర, తెల్లారేది మనకు పొద్దున తొమ్మిదిన్నర దగ్గర. అంటే తెల్లారుజామున ఐదుకు లేస్తే నడిరాత్రి రేసు చూడొచ్చు, చీకట్లో బ్రేకు డిస్కులు ఎర్రగా కాలేది చూస్తా కాఫీ తాగొచ్చు, ఎక్కువ గోల జరిగేది కూడా ఆ టైంలోనే. మధ్యాహ్నం నాటుకోడి, సంగటి తిని కునుకు తీసినా పర్లేదు, సాయంత్రం ఐదు నుంచి మాత్రం కదలొద్దు. 2016లో టొయోటా లీడ్‌లో ఉండి రేసు అయిపోయేదానికి మూడు నిమిషాల ముందు పవర్ పోయి ఆగిపోయింది, పోర్షే గెలిచింది. జూన్‌లో మనకు సాయంత్రాలు గాలివాన వచ్చి కరెంట్ పోయేది మామూలే కాబట్టి ఫోన్ ఛార్జింగ్ పెట్టుకోండి.

డబ్బు కట్టి చూసేముందు అలవాటు కావాలంటే యూట్యూబ్‌లో ఫ్రీగా దొరికేవి ఉన్నాయి. జర్మనీలో నూర్బర్గ్‌రింగ్ 24 గంటల రేసు ఉంది, వందకు పైగా కార్లు, క్లాసులు లెక్కపెట్టలేం, కొత్తోళ్ళకు అది వద్దులే. దుబాయ్ 24 గంటల రేసు మేలు, 2025 జనవరిలో తమిళ హీరో అజిత్ కుమార్ టీమ్ క్లాసులో మూడో స్థానం తెచ్చుకుంది ఈడనే, చిత్తూరులో, పుత్తూరులో ఉండే 'తల' అజిత్ ఫ్యాన్స్‌కి నేను చెప్పాల్సిన పని లేదు. మొత్తం రేసులో మూడో స్థానం అనుకోని కొందరు స్టేటస్ పెట్టినారు, అది క్లాసులో. మనోళ్ళు లె మాన్స్‌లో కూడా ఉన్నారు, కరుణ్ చంధోక్ 2012లో మొత్తం మీద ఆరో స్థానంలో వచ్చినాడు.

కళ్ళతో చూడాలంటే శ్రీపెరంబుదూరు పక్కన ఇరుంగాట్టుకోట్టైలో మద్రాస్ ఇంటర్నేషనల్ సర్క్యూట్ ఉంది. తిరుపతి నుంచి పుత్తూరు, తిరుత్తణి, తిరువళ్ళూరు మీదుగా పోవచ్చు, చిత్తూరోళ్ళకు రాణిపేట, కాంచీపురం పక్క రోడ్డు మేలు. 24 గంటల రేసులు ఆడ జరగవు గానీ నేషనల్ ఛాంపియన్‌షిప్‌లో కొన్ని టూరింగ్ కార్ రేసుల్లో రెండు క్లాసులు కలిపి వదులుతారు, అవి పట్టుకోండి. చెవుల్లో పెట్టుకునేదానికి దూది, తలకు టోపీ, నీళ్ళు ఎక్కువ తీసుకుపోండి, పొద్దున్నే బయల్దేరితే ఎండ ముదిరేలోపు నీడ ఉండే చోటు దొరుకుతాది.