కన్సోల్ మోడ్ చేశాడని బ్యాన్ కొట్టారు: న్యాయమో కాదో తేల్చుకోవడం ఎలా

మోడ్ చేశాడని, అంటే ఎక్స్‌బాక్స్, ప్లేస్టేషన్, స్విచ్ లాంటి గేమ్ డబ్బాని కంపెనీ ఒప్పుకోని విధంగా మార్చాడని, ఎవరికైనా కన్సోల్ బ్యాన్ పడిందని తెలిస్తే చాలు రెండు బ్యాచ్‌లు దిగిపోతాయి, ఒకళ్ళు "దొంగ గేమ్స్ ఆడాడు, బాగా అయింది" అంటారు, ఇంకొకళ్ళు "డబ్బులు పెట్టి కొన్నాడు, వాడిష్టం" అంటారు. అసలు వాడేం చేశాడు, కంపెనీ ఏం లాక్కుంది అని మాత్రం ఎవరూ అడగరు. నేనైతే ఈ వరసలో అడుగుతా.

ముందు ఏం మార్చాడో కనుక్కోండి. సేవ్ ఫైల్ బ్యాకప్ తీసుకోవడం, ఎమ్యులేటర్ (వేరే మెషీన్ గేమ్స్ ఆడించే సాఫ్ట్‌వేర్) పెట్టుకోవడం, పైరసీ గేమ్స్, ఆన్‌లైన్ ఆటలో మోసం చేసి గెలిచే చీట్లు... అన్నిటినీ కలిపి మోడింగ్ అనేస్తారు. చీట్లకి బ్యాన్ వేస్తే నాకైతే ఏ అభ్యంతరమూ లేదు, అవతల ఆడేవాడి ఆట చెడుతోంది కదా. డ్రైవ్ రిపేర్ సంగతి పూర్తిగా వేరు: ఎక్స్‌బాక్స్, ప్లేస్టేషన్లలో డిస్క్ డ్రైవ్‌ని మదర్‌బోర్డుకి జత కట్టేస్తారు, అది పోయిందని ఇంకోటి తెచ్చి పెడితే డిస్క్ చదవదు. అందుకే అమెరికాలో 2021లో డ్రైవ్ రిపేర్ కోసం కంపెనీ పెట్టిన ఈ సాఫ్ట్‌వేర్ లాక్ దాటడానికి చట్టంలో మినహాయింపు ఇచ్చారు, పని అయ్యాక లాక్ మళ్ళీ పెట్టేయాలని షరతు.

తర్వాత, బ్యాన్ ఎంత లోతుకి దిగిందో చూడండి, అసలు కిటుకంతా ఇక్కడే ఉంది. ఆన్‌లైన్ సర్వర్లు కంపెనీవి, మన చేతిలో ఉన్న డబ్బా మనది. వాళ్ళ గుమ్మం ఎక్కొద్దంటే సరే, మా ఇంట్లోకొచ్చి ఫ్యాన్ ఆపేస్తామంటే ఎలా? 2009 నవంబర్‌లో మైక్రోసాఫ్ట్ మోడ్ చేసిన ఎక్స్‌బాక్స్ 360లని తన ఆన్‌లైన్ సర్వీస్ ఎక్స్‌బాక్స్ లైవ్ నుంచి పెద్ద ఎత్తున గెంటేసినప్పుడు అకౌంట్లని వదిలేసింది, ఇంకో కన్సోల్‌లో లాగిన్ అవ్వొచ్చు, అక్కడిదాకా బానే ఉంది. కానీ ఆ పాత కన్సోల్‌లో గేమ్స్‌ని హార్డ్ డిస్క్‌లోకి ఇన్‌స్టాల్ చేసుకోవడం కూడా ఆపేసింది, నెట్‌తో సంబంధమే లేని ఫీచర్ అది. నా లెక్కలో గీత దాటింది అక్కడే. 2025 మేలో స్విచ్ తయారుచేసే నింటెండో ఇంకో అడుగేసి, రూల్స్ మీరితే డివైస్‌ని శాశ్వతంగా పనికిరాకుండా చేయొచ్చని అమెరికాలో వాడేవాళ్ళతో చేసుకునే ఒప్పందంలో రాసుకుంది. ఆ తర్వాత స్విచ్ 2లో మిగ్ ఫ్లాష్ కార్ట్ (గేమ్ కాపీలు వేసుకుని ఆడే కార్డు) పెట్టినవాళ్ళకి ఆన్‌లైన్ మాత్రమే కట్ అయింది, ఎర్రర్ 2124-4508 అని వస్తుంది.

ఏ తప్పూ చేయనివాళ్ళకి ఫీచర్ పోయిన సందర్భం కూడా ఉంది. 2010 ఏప్రిల్ 1న సోనీ పీఎస్3 అప్‌డేట్ 3.21తో లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ వేసుకునే అదర్ ఓఎస్ అనే ఫీచర్‌ని తీసేసింది, అప్‌డేట్ చేయకపోతే ప్లేస్టేషన్ నెట్‌వర్క్‌లోకి రానివ్వలేదు. కేసు ఏళ్ళ తరబడి సాగి చివరికి 37.5 లక్షల డాలర్లకి రాజీ అయింది. యూరప్ కోర్టు అయితే 2014లో నింటెండోకీ, దాని లాక్ దాటే పరికరాలు అమ్మిన పీసీ బాక్స్‌కీ మధ్య కేసులో, కాపీ గేమ్స్ ఆడకుండా కంపెనీ పెట్టే లాక్ అనేది అవసరానికి మించకూడదని చెప్పింది. అది లాక్ గురించి చెప్పిన మాటే, కానీ బ్యాన్‌ని కొలవడానికి కూడా నాకు అంతకన్నా మంచి కొలబద్ద దొరకలేదు.

ఇక సాక్ష్యం సంగతి. స్విచ్ కార్ట్రిడ్జ్ (గేమ్ ఉండే చిన్న కార్డు) ఒక్కోదానికి గుర్తింపుగా ఒక్కో డిజిటల్ సర్టిఫికెట్ ఉంటుంది, ఎవడో దాన్ని డంప్, అంటే కాపీ, చేసుకుని ఒరిజినల్ అమ్మేశాడనుకోండి, వాడి కాపీ, మీ ఒరిజినల్ రెండూ ఆన్‌లైన్‌లో కనబడితే సిస్టమ్‌కి దొంగెవరో దొరెవరో తెలీదు, మీకే పడొచ్చు. 2025లో పాత గేమ్స్ కొని ఇలాగే ఇరుక్కున్న ఒకాయన కార్ట్రిడ్జ్‌ల ఫోటోలు, కొన్నప్పటి ప్రకటన సపోర్ట్‌కి పంపితే బ్యాన్ ఎత్తేశారు. కాబట్టి సెకండ్‌హ్యాండ్‌లో ఏది కొన్నా బిల్లు, చాట్, కార్ట్రిడ్జ్ ముందూ వెనకా ఫోటో దాచిపెట్టుకోండి, సపోర్ట్‌కి రాసేటప్పుడు సీరియల్ నంబర్, ఎర్రర్ కోడ్ ముందే ఇచ్చేయండి, తిట్లు తర్వాత. మనిషి చూసి తేల్చే అప్పీల్ దారే లేకుండా వేసిన బ్యాన్‌ని, ఎంత పెద్ద దొంగ మీద వేసినా సరే, నేను న్యాయమని ఒప్పుకోను.

పాత కన్సోలే కొంటున్నారా, ఇంకా జాగ్రత్త, బ్యాన్ డబ్బాకి అంటుకుని ఉంటుంది, అమ్మినవాడు చేసినదానికి కొన్నవాడు ఏడవాలి. ఫోన్లకి ఐఎంఈఐ చెక్ ఉన్నట్టు సీరియల్ నంబర్ కొట్టి చూసుకునే పేజీ కంపెనీలే పెట్టొచ్చు కదా! అది వచ్చేదాకా, డబ్బులిచ్చే ముందు అమ్మేవాడి ఎదురుగానే ఫోన్ హాట్‌స్పాట్ ఆన్ చేసి, కన్సోల్ కనెక్ట్ చేసి, స్విచ్ అయితే ఈషాప్ (నింటెండో ఆన్‌లైన్ దుకాణం) ఓపెన్ చేయండి. లోపలికెళ్ళి గేమ్స్ కనబడితే బేరం మొదలుపెట్టండి, 2124తో మొదలయ్యే కోడ్ వస్తే ఒకసారి నెట్ మార్చి చూడండి, అప్పుడూ అదే వస్తే "నెట్ స్లో అన్నా" అని వాడు ఎంత చెప్పినా వదిలేసి వచ్చేయండి.