చింపాంజీల దగ్గర ఒక గంట

తిరుపతిలో చామరాజనగర్ రైలెక్కితే మైసూరులో దిగొచ్చు. అక్కడి జూలో చింపాంజీలున్నాయి. వెళ్లొచ్చిన మా స్టూడెంట్స్ చాలామంది చెప్పేది ఒకటే: "అన్నీ పండుకోనుండాయి మేడమ్, వచ్చేసినాం." జువాలజీ చెప్పే నాకు ఆ మాట వింటే ప్రాణం ఉసూరుమంటుంది. చెట్లు, గడ్డి, ఎక్కడానికి దుంగలు ఉన్న పెద్ద ఆవరణలో జంతువు మన కోసం ముందుకు రాదు, తన పని తాను చూసుకుంటుంది. మనమే కూర్చోవాలి. జూ మొత్తం చుట్టేయాలన్న ఆశ వదిలేసి, గేటు తీయగానే నేరుగా అక్కడికి వెళ్లి గంటసేపు ఉండండి. మంగళవారం మాత్రం పెట్టుకోకండి, మైసూరు జూకి సెలవు.

బయల్దేరేముందు ఇక్కడే కాస్త ప్రాక్టీసు చేయండి. అలిపిరి మెట్ల దారిలో, కపిలతీర్థం దగ్గర కోతులకు కొదవ లేదు. చేతిలో తినేవేవీ లేకుండా దూరంగా నిలబడి, ఒక్క కోతినే పది నిమిషాలు చూడండి. దాన్ని చూసి ఎవరు జరిగారు? అది ఎవరికి దారిచ్చింది? చింపాంజీకి తోక ఉండదు, అది కోతి కంటే మనకే దగ్గరి చుట్టం. అయినా చూసే పద్ధతి ఇదే.

జూలో మొదటి పని, ఒకదాన్నుంచి ఒకదాన్ని గుర్తుపట్టడం. చెవుల ఆకారం, నుదుటి మీద బట్టతల, తెగిన వేలు, పాత గాయం మచ్చ చూడండి. పిల్లలకు ముఖం తెల్లగా, వెనక తెల్లటి వెంట్రుకల కుచ్చు ఉంటుంది. కొన్ని ఆడవాటికి వెనక భాగం గులాబీ రంగులో బాగా ఉబ్బి కనిపిస్తుంది. "అయ్యో, ఏదో రోగం" అని జనం జాలిపడుతుంటారు. అది రోగం కాదు, నెలసరి చక్రంలో వచ్చే మార్పు.

తర్వాత పళ్లు. మా మేనల్లుడు ఒకసారి "అత్తా, నన్ను చూసి నవ్వతా ఉంది" అని సంబరపడ్డాడు. పెదాలు వెనక్కి లాగి రెండు వరసల పళ్లూ బయటపెడితే చాలాసార్లు అది భయం. ఆటలో ఉన్నప్పుడు నోరు వదులుగా తెరుచుకుని, పై పళ్లను పెదవి కప్పేస్తుంది. ఒళ్లంతా వెంట్రుకలు లేచి, చింపాంజీ ఒక్కసారిగా రెండింతలైనట్టు కనిపిస్తే ఆవేశంలో ఉన్నట్టు. అప్పుడు కేకలేయడం, అద్దం బాదడం మహా పాపం.

రెండు చింపాంజీలు ఆనుకుని కూర్చుంటే బైనాక్యులర్ తీయండి. ఒకటి బొటనవేలితో రెండోదాని వెంట్రుకలు పాయలు తీస్తుంది. చర్మం మీద చిన్న పొక్కు కనబడితే ముఖం దాదాపు ఆనించేసి, గోటితో మెల్లగా గిల్లుతూ, పెదాలు చప్పరిస్తుంది. రెండోది చెయ్యెత్తి చంక చూపిస్తుంది, "ఇక్కడ కూడా" అన్నట్టు. స్నేహాలు నిలబడేది ఈ పని మీదే. ఎవరు ఎవరికి చేశారో, ఎంతసేపో నోట్‌బుక్‌లో రాసుకోండి.

గొడవ జరిగితే జనం ఫోన్లెత్తి వీడియో తీసుకుంటారు, అరుపులు ఆగగానే వెళ్లిపోతారు. అసలు చూడాల్సింది ఆ తర్వాతే. నెదర్లాండ్స్‌లో ఆర్నెమ్ జూలో 1971లో చింపాంజీల గుంపునొకదాన్ని పెద్ద ఆవరణలోకి వదిలారు. అక్కడ ఏళ్ల తరబడి గమనించిన ఫ్రాన్స్ డి వాల్ అనే శాస్త్రవేత్త, కొట్లాడుకున్నవి కాసేపటికే దగ్గరికొచ్చి ముద్దుపెట్టుకుని, కౌగిలించుకుని రాజీపడతాయని 1979లో ప్రచురించారు. కాబట్టి కొట్లాడిన రెండింటినీ ముందే గుర్తుపెట్టుకుని, కనీసం అరగంట వాటి మీదే చూపు ఉంచండి. దూరదూరంగా కూర్చుని, ఎటో చూస్తున్నట్టుంటాయి. అంతలో ఒకటి అరచెయ్యి పైకి పెట్టి చాస్తుంది. ముందు చెయ్యి చాచింది గెలిచిందా, ఓడిందా? మధ్యలో మూడోది ఏదైనా వచ్చి ఒకదాని పక్కన కూర్చుందా? ఇవి టైముతో సహా రాసి పెట్టుకోండి, మళ్లీ వెళ్లినప్పుడు ముందుగా ఎవరి కోసం వెతకాలో తెలిసిపోతుంది.