మొటిమలకు రెటినాయిడ్ మొదలుపెడుతున్నారా? మొదటి మూడు నెలలు ఇలా గట్టెక్కండి

డాక్టర్ చీటీ మీద ఒక్క లైను రాశారు: అడాపలీన్ 0.1 శాతం జెల్, రాత్రి, పల్చగా. అడాపలీన్ అంటే రెటినాయిడ్ రకం పూత మందు. "పల్చగా" అన్న మాట చదివాను కానీ లెక్కచేయలేదు. మొహం నిండా మొటిమలున్నప్పుడు పల్చగా రాస్తే ఏం సరిపోతుందని, కోల్డ్ క్రీమ్ రాసుకున్నట్టు దట్టంగా పట్టించాను. నాలుగు రాత్రుల్లో 15 గ్రాముల ట్యూబు పావు వంతు ఖాళీ అయింది. ఐదో రోజు పొద్దున మొహం కడుక్కుంటే మామూలు నీళ్లే కారం కలిపినట్టు మండాయి. పెదాల మూలలు చిట్లి, ఆవలించాలంటేనే భయం వేసింది. గడ్డం మీద ఉల్లిపొరలా పొట్టు లేచింది. ఈ మందు నాకు పడదని తేల్చేసి ట్యూబును డ్రాయర్లో పడేశాను.

ఎనిమిది నెలల తర్వాత మళ్లీ అదే మందు, అదే శాతం మొదలుపెట్టాను. ఈసారి పనిచేసింది, ఎందుకంటే రాసే తీరు మారింది. మొదటిసారి నేను చేసిన తప్పులే చాలామంది చేస్తుంటారు కాబట్టి, రెండోసారి ఎలా చేశానో వరసగా చెబుతాను.

ముందు మీ చేతిలో ఉన్న మందేదో చూడండి

రెటినాయిడ్లన్నీ విటమిన్ ఎ కుటుంబానివే, కానీ అన్నీ ఒకటి కాదు. అందరికంటే పెద్దది ట్రెటినాయిన్. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో ఆల్బర్ట్ క్లిగ్‌మన్, ఆయన సహచరులు మొటిమల మీద దీన్ని వాడి 1969లో ఫలితాలు ప్రచురించారు. 1971లో అమెరికాలో మందుగా అనుమతి వచ్చింది. (మచ్చలు తెచ్చే జబ్బుకు మందు చూపిన ఆయన పేరు మీదే పెద్ద మచ్చ ఉంది: హోమ్స్‌బర్గ్ జైల్లో ఖైదీల మీద చేసిన ప్రయోగాలు.) 1996లో అడాపలీన్ వచ్చింది. ఇది కాస్త నెమ్మది మనిషి లాంటిది, మంట తక్కువ పెడుతుంది. 2016 నుంచి అమెరికాలో 0.1 శాతం అడాపలీన్ జెల్‌ను డాక్టర్ చీటీ లేకుండానే అమ్ముతున్నారు. టాజరోటీన్ బలమైనది, మంట కూడా ఎక్కువే. 2019లో వచ్చిన ట్రైఫరోటీన్ వీటిలో కొత్తది.

సీరమ్ బాటిళ్ల మీద కనిపించే రెటినాల్ వీటికి బదులు కాదు. అది చర్మంలో రెండు మెట్లు మారాక గానీ పనిచేసే రూపంలోకి రాదు, అందుకే చాలా మెత్తగా పనిచేస్తుంది. మొటిమలకు వైద్యమని చెప్పుకునేంత బలం దానికి లేదు.

ట్యూబు మీద మందు పేర్లన్నీ చదవండి. మోమెటాసోన్, బీటామెథాసోన్, క్లోబెటాసోల్ లాంటి పేరు కనిపిస్తే అందులో స్టెరాయిడ్ ఉన్నట్టు. ట్రెటినాయిన్‌తో స్టెరాయిడ్ కలిపిన క్రీములు మంగు మచ్చలకు, అదీ డాక్టర్ చెప్పిన కొద్ది వారాలకే. ఎవరో ఇచ్చారని వాటిని మొటిమలకు రాస్తే మొదట్లో మొహం అద్దంలా మెరుస్తుంది. తర్వాత చర్మం పల్చబడి, ఎర్రబడి, స్టెరాయిడ్ వల్లే కొత్త మొటిమలు వస్తాయి.

గర్భంతో ఉన్నవాళ్లు, పిల్లల కోసం ప్రయత్నిస్తున్నవాళ్లు ఈ మందుల జోలికి వెళ్లకూడదు. టాజరోటీన్ అయితే అసలే కూడదు. పాలిచ్చే తల్లులు డాక్టర్‌ని అడగాలి. ఎగ్జిమా ఉన్నచోట, ఎండకు కమిలిన చర్మం మీద, తెగిన చోట రాయకూడదు.

మొటిమ మీద కాదు, మొహమంతా రాయాలి

ఇది అర్థమైతే మిగతావన్నీ వాటంతట అవే అర్థమవుతాయి. ఇవాళ కనిపించిన మొటిమ ఇవాళ పుట్టింది కాదు. కొన్ని వారాల ముందే రోమకూపం మూతి దగ్గర చనిపోయిన చర్మకణాలు, జిడ్డు అతుక్కుని కంటికి కనిపించని చిన్న బిరడా తయారవుతుంది. అదే తర్వాత బ్లాక్‌హెడ్ అవుతుంది, వైట్‌హెడ్ అవుతుంది, వాచి ఎర్రటి మొటిమా అవుతుంది. రెటినాయిడ్ పని ఆ కణాలు అతుక్కోకుండా చూడటం. అంటే మీరు రాసేది వచ్చే నెల మొటిమకు. లేచిన మొటిమ మీద చుక్క పెట్టి పొద్దునకల్లా ఆరిపోవాలనుకుంటే నిరాశే మిగులుతుంది.

మొదలుపెట్టే ముందు అల్మారా ఖాళీ చేయండి

స్క్రబ్బులు, గ్లైకాలిక్ యాసిడ్, శాలిసిలిక్ యాసిడ్ ఉన్నవి, ఆల్కహాల్ టోనర్లు, చార్‌కోల్ మాస్కులు అన్నీ కనీసం రెండు మూడు నెలలు పక్కన పెట్టండి. నురగ ఎక్కువ రాని మెత్తటి ఫేస్‌వాష్, వాసన లేని మాయిశ్చరైజర్, ఎస్పీఎఫ్ 30 లేదా అంతకంటే ఎక్కువున్న సన్‌స్క్రీన్, ఈ మూడూ చాలు. మొదటిసారి నా దగ్గర ఏడు సీసాలుండేవి. ఏది మంట పెడుతోందో కనుక్కోవడం ఎవరి తరమూ కాలేదు.

రాసే రాత్రి

గోరువెచ్చని నీళ్లతో మొహం కడిగి, రుద్దకుండా టవల్‌తో అద్దండి. తర్వాత ఇరవై నిమిషాలు ఆగండి. తడి చర్మంలోకి మందు ఎక్కువగా ఇంకి మంట పెరుగుతుంది. ఈ ఇరవై నిమిషాలు నాకు పెద్ద విసుగు. పడుకునే ముందు మొహం కడిగితే నిద్ర ముంచుకొచ్చి ఆగకుండా రాసేస్తున్నానని తెలిసి, రాత్రి భోజనం ముందే కడగడం అలవాటు చేసుకున్నాను.

ఆ తర్వాత పెదాల మూలల్లో, ముక్కు పక్క మడతల్లో, కళ్ల కింద పెట్రోలియం జెల్లీ పల్చగా రాయండి. మందు ఎక్కడ రాసినా రాత్రికి ఈ మడతల్లోకి జారుతుంది, ముందుగా చిట్లేదీ అక్కడే.

ఇప్పుడు మందు. చూపుడు వేలి కొన మీద బఠాణీ గింజంత తీసుకోండి. మొహం మొత్తానికి అంతే. దాన్ని వేలితో ఐదు చుక్కలుగా పంచండి: నుదుటి మీద ఒకటి, బుగ్గకొకటి, గడ్డం మీద ఒకటి, మిగిలిన కాస్త ముక్కు మీద. ఒక చుక్కను పూర్తిగా పరిచాకే ఇంకో చుక్క ముట్టుకోండి. సరిగ్గా రాస్తే చర్మం మీద ఏమీ కనిపించదు, రాశామా లేదా అని అనుమానం వస్తుంది. ఆ అనుమానంతోనే నేను మొదటిసారి మళ్లీ మళ్లీ రాశాను. తెల్లగా కనిపిస్తుంటే ఎక్కువైనట్టే. ఎక్కువ రాస్తే మొటిమలు త్వరగా తగ్గవు, చర్మం త్వరగా ఊడుతుంది.

కాసేపాగి మాయిశ్చరైజర్. పొడి చర్మమో, సున్నితమైనదో అయితే ముందొక పొర మాయిశ్చరైజర్, దాని మీద మందు, మళ్లీ మాయిశ్చరైజర్. దీన్నే శాండ్‌విచ్ పద్ధతి అంటారు. అదీ తట్టుకోలేకపోతే మందు రాసి అరగంట ఉంచి కడిగేసి, వారం వారం ఆ సమయం పెంచుకుంటూ పోవచ్చు.

ఎన్ని రాత్రులకోసారి?

మొదటి రెండు వారాలు మూడు రాత్రులకోసారి. తర్వాత రెండు వారాలు రాత్రి విడిచి రాత్రి. మంట, పొట్టు అదుపులో ఉంటే అప్పుడు రోజూ. ఇది నాకు సరిపడిన లెక్క, మీకు ఇంకా నెమ్మదిగా కావాల్సి రావచ్చు. నేను పరీక్షగా పెట్టుకున్నది ఒక్కటే: పొద్దున నీళ్లు పడితే మొహం చురుక్కుమంటోందా? చురుక్కుమంటే ఆ రాత్రి మందు బంద్, మాయిశ్చరైజర్ మాత్రమే. ఒక రాత్రి మానేసినంత మాత్రాన ఏమీ పోదు. వారానికి మూడుసార్లు చొప్పున ఆరు నెలలు రాసినవాళ్లు, రోజూ రాసి పదో రోజుకే మానేసినవాళ్ల కంటే ముందుంటారు.

మూడో వారం టెన్షన్

సరిగ్గా రాస్తున్నా మొటిమలు పెరిగినట్టు అనిపించే దశ ఒకటి ఉంది. లోపల తయారవుతున్న బిరడాలు ఒక్కసారిగా పైకొస్తాయి, దీన్నే పర్జింగ్ అంటారు. అందరికీ రాదు. వచ్చినవాళ్లకు సాధారణంగా రెండో వారంలో మొదలై ఆరేడు వారాలకు సర్దుకుంటుంది. నాకు మూడో వారంలో గడ్డం మీద ఒకేసారి పదకొండు లేచాయి. తెలిసినవాళ్లంతా "ఏమైంది మొహానికి?" అని అడిగిన వారం అదే. ఒకరు సబ్బు మార్చమన్నారు, ఇంకొకరు నీళ్లు ఎక్కువ తాగమన్నారు. అందరికీ సరేనన్నాను, ఏదీ మార్చలేదు.

పర్జింగ్‌కీ, మందు పడకపోవడానికీ తేడా తెలియాలి. మీకు మామూలుగా వచ్చే చోటే, మామూలు రకం మొటిమలు వచ్చి, త్వరగా పండి పోతుంటే అది పర్జింగ్. ఎప్పుడూ రాని చోట ఎర్రగా మంట, పగుళ్లు వస్తే అది మందు ఘాటు: రాత్రులు తగ్గించండి, మాయిశ్చరైజర్ పెంచండి. విపరీతమైన దురద, వాపు, నీరు కారడం ఉంటే ఆపేసి డాక్టర్ దగ్గరకు వెళ్లాల్సిందే.

అద్దాన్ని నమ్మకండి. రెండు వారాలకోసారి అదే కిటికీ దగ్గర, అదే సమయానికి, ఫిల్టర్ లేకుండా ఎడమ, కుడి, ఎదురుగా మూడు ఫోటోలు తీసి పెట్టుకోండి. ఎనిమిదో వారంలో నేను అద్దంలో చూసుకుని ఏమీ మారలేదని ఏడ్చినంత పనిచేశాను. మొదటి ఫోటో పక్కన పెట్టి చూస్తే నుదుటి మీద గరుకు పోయింది. వేలితో తడిమితే ఇసుకలా తగిలేవి లేవు. గడ్డం ఇంకా అలాగే ఉంది. మంచి మార్పు కనిపించడానికి ఎనిమిది నుంచి పన్నెండు వారాలు పడుతుంది, పన్నెండు నిండేదాకా తీర్పు చెప్పకండి.

పగటిపూట

ఈ మందు వాడేటప్పుడు చర్మం ఎండకు త్వరగా కమిలిపోతుంది, కాబట్టి రోజూ పొద్దున సన్‌స్క్రీన్. చామనఛాయ, నల్లటి ఛాయ వాళ్లకు ఇంకో కారణం కూడా ఉంది: మన చర్మంలో ఏ చిన్న వాపైనా, మొటిమైనా, మందు పెట్టిన మంటైనా, మానాక నల్లమచ్చ మిగిల్చి పోతుంది. ఎండ తగిలితే ఆ మచ్చ ఇంకా ముదురుతుంది. మంటను ఓర్చుకుంటే మందు బాగా పనిచేస్తున్నట్టని కొందరంటారు. ఓర్చుకున్న మంటే నెలల తరబడి మచ్చగా కూర్చుంటుంది.

పొట్టు లేచిన మొహం మీద సన్‌స్క్రీన్ రాస్తే రబ్బరుతో చెరిపినప్పుడు రాలే తుక్కులా ఉండలు కడుతుంది. ముందు మాయిశ్చరైజర్ రాసి ఐదు నిమిషాలాగి, సన్‌స్క్రీన్‌ను రుద్దకుండా తట్టినట్టు రాస్తే చాలావరకు తగ్గుతుంది. ఆ పొట్టును గిల్లకండి, పీకకండి.

పై పెదవి మీద, కనుబొమల దగ్గర వ్యాక్సింగ్ చేయించుకునేవాళ్లు ఈ మందు రాసేచోట దాన్ని మానుకోండి. వెంట్రుకతో పాటు చర్మమూ ఊడొచ్చే ప్రమాదం ఉంది.

దీనితో ఇంకేం కలపొచ్చు?

ఎర్రగా, చీముతో వచ్చే మొటిమలు ఎక్కువగా ఉంటే డాక్టర్లు బెంజాయిల్ పెరాక్సైడ్ కూడా ఇస్తారు. అడాపలీన్‌తో అది ఇబ్బంది లేకుండా కలుస్తుంది, రెండూ కలిపిన జెల్ కూడా ఉంది. పాత రకం ట్రెటినాయిన్ మాత్రం దానితో కలిసినా, వెలుతురు తగిలినా బలం కోల్పోతుంది. అందుకే బెంజాయిల్ పెరాక్సైడ్ పొద్దున, ట్రెటినాయిన్ రాత్రి. ఇంకో మాట: బెంజాయిల్ పెరాక్సైడ్ తగిలిన టవళ్లు, దిండు గలీబులు రంగు వెలిసిపోతాయి. నా నీలం గలీబు మీద ఇప్పటికీ బుగ్గ ఆకారంలో తెల్లటి మరక ఉంది.

పన్నెండు వారాలు సరిగ్గా వాడినా మార్పు లేకపోయినా, లోతుగా గడ్డల్లాంటివి వస్తున్నా, గుంటలు పడుతున్నా పై పూత మందుతో సరిపెట్టుకోకండి. మాత్రలు అవసరం కావచ్చు. గుంటలు పడ్డాక పూడ్చడం చాలా కష్టం. నుదుటి మీద, ఛాతీ మీద అన్నీ ఒకే సైజులో, దురద పెట్టే చిన్న పొక్కులుంటే అవి మొటిమలు కాకపోవచ్చు. ఫంగస్ వల్ల అలా వస్తుంది, దానికి మందు వేరు.

తగ్గాక

మొహం శుభ్రపడగానే మందు మానేయాలనిపిస్తుంది. మానేస్తే బిరడాలు మళ్లీ మొదలవుతాయి, కొన్ని వారాల్లో అవి పైకొస్తాయి. అందుకే మొటిమలు తగ్గాక కూడా దీన్నే కొనసాగించమంటారు. ఎన్ని రాత్రులన్నది డాక్టర్‌తో మాట్లాడి తగ్గించుకోవచ్చు. నేనిప్పుడు మంగళ, గురు, శనివారాల్లో రాస్తున్నాను. మర్చిపోతే మర్నాడు రాస్తాను, రెండు గింజలంత మాత్రం రాయను.