ఆరు నుంచి ఎనిమిది తరగతుల పిల్లలకు కథ రాయడం నేర్పేదెలా?

'మీకు నచ్చిన కథ ఒకటి రాయండి' అంటే సగం మంది పిల్లలు పెన్ను కొరుకుతూ కూర్చుంటారు. మిగతావాళ్ళు ఎక్కడో విన్న కథనే పేర్లు మార్చి రాసిస్తారు. 11 నుంచి 13 ఏళ్ళ పిల్లలకు ఊహకేం కొదవ లేదు, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియదంతే. అందుకని ముందే హద్దులు గీసివ్వండి: ముఖ్యపాత్ర ఒకటే, చోటు ఒకటే, అంతా ఒక గంటలో జరిగిపోవాలి, కథ 250 పదాలు దాటకూడదు. 40 నిమిషాల పీరియడ్లు ఐదు ఉంటే చాలు.

మొదటి పీరియడ్‌లో కథ రాయించవద్దు. ఒక చీటీ మీద మూడే ముక్కలు రాయించండి: ఎవరు, వాళ్ళకేం కావాలి, ఏది అడ్డం. ఆ 'కావాలి' దగ్గరే ఎక్కువసేపు ఆగాలి. 'సంతోషంగా ఉండాలి' అని రాస్తే కథ నడవదు, అది దొరికిందో లేదో ఎవరూ చెప్పలేరు కనుక. 'పోయిన తాళంచెవి అమ్మ వచ్చేలోపు దొరకాలి' అంటే నడుస్తుంది. ఇది గట్టిగా లేకపోతే తర్వాత ఎన్ని దిద్దుబాట్లు చేసినా కథ నిలబడదు.

చీటీ అయ్యాక పక్కవాళ్ళకు రెండు నిమిషాల్లో నోటితో కథ చెప్పమనండి. వినేవాళ్ళ పని 'తర్వాత' అన్న మాట ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెట్టడం. 'తాళంచెవి పోయింది. తర్వాత పక్కింటికి వెళ్ళాడు. తర్వాత కుక్క వచ్చింది.' ఈ మూడింటికీ ఒకదానితో ఒకటి సంబంధం లేదు. 'తర్వాత' తీసేసి 'అందుకని' గానీ 'కానీ' గానీ పెట్టమనండి. 'తాళంచెవి పక్కింటి పెరట్లో పడింది. అందుకని గోడ దూకాడు. కానీ ఆ రోజు కుక్కను కట్టేయలేదు.' ఇప్పుడు వినేవాళ్ళు 'అయితే ఏమైంది?' అని అడుగుతారు.

రెండో పీరియడ్‌లో 20 నిమిషాలు ఆపకుండా రాయాలి. రబ్బరు వాడకూడదు, తప్పయితే కొట్టేసి ముందుకెళ్ళాలి. గీత విడిచి గీత రాయిస్తే తర్వాత దిద్దుకోవడానికి చోటుంటుంది. మీరూ కూర్చుని రాయండి. టీచరు కూడా కొట్టేసి మళ్ళీ రాయడం చూస్తే పిల్లలకు బెరుకు పోతుంది.

మూడో పీరియడ్‌లో ఒక్క చోటు మాత్రమే ఎంచుకుని పెంచాలి, పాత్రకు అన్నిటికన్నా కష్టమైన క్షణం. 'రవికి చాలా భయం వేసింది' అని ఉంటే, అక్కడ కెమెరా ఉంటే ఏం కనిపించేదో అడగండి. 'రవి గొళ్ళెం పెట్టాడు. మంచం దాకా వెళ్ళి, మళ్ళీ వచ్చి, పడిందో లేదో లాగి చూశాడు.' భయం అన్న మాట లేకుండానే భయం తెలుస్తోంది. ప్రతి వాక్యానికీ ఇలా చేయిస్తే మాత్రం కథ కదలదు.

సంభాషణలు పాఠ్యపుస్తకం భాషలో వస్తాయి: 'నీవు ఎచటికి వెళ్ళుచున్నావు?' బిగ్గరగా చదివించి, ఇంట్లో అలాగే అంటావా అని అడిగితే చాలు, వాళ్ళే నవ్వుకుని మార్చుకుంటారు. వాళ్ళింటి యాసను దయచేసి దిద్దవద్దు.

ముగింపు దగ్గరే చాలామంది జారిపోతారు. 'ఇదంతా కలేనని తెలిసింది' అంటారు, లేదా ఎవరో వచ్చి కాపాడేస్తారు. అది బద్ధకం కాదు, దారి తోచకపోవడం. చీటీ మళ్ళీ తీయించండి: కావాల్సింది దొరికిందా? దొరకడానికి ఏం పోగొట్టుకున్నాడు? ఒక్కోటి ఒక్క వాక్యంలో మూడు ముగింపులు రాసి ఒకటి ఎంచుకోమనండి. చివర నీతి ఉంటే, దానిమీద చెయ్యి అడ్డంపెట్టి చదివించండి. చాలాసార్లు కథ ఆ ముందు వాక్యంతోనే అయిపోయి ఉంటుంది.

నాలుగో పీరియడ్ జంటల్లో చదువుకోవడానికి. 'బాగుంది' అనడం కుదరదు. కళ్ళకు కట్టిన ఒక వాక్యం, అర్థంకాని ఒక చోటు చెప్పాలి. రాసినవాళ్ళు అడ్డుపడి వివరించకూడదు.

అక్షరదోషాలు ఐదో పీరియడ్‌కే. ముందే ఎర్రపెన్ను పట్టుకుంటే, పిల్లలు తప్పు రాకుండా రాయగల మాటలతోనే సరిపెట్టుకుంటారు. రాయడం బాగా కష్టమయ్యే పిల్లలుంటే మొదటి పేరా వాళ్ళు చెబుతుంటే మీరు రాసిపెట్టండి, రెండోది వాళ్ళ చేతికివ్వండి.