చెరువు నీళ్లతో శాతాలు: తరగతిలో ఇంటర్నెట్ వాడడం ఎలా?

నెట్ ఉన్న ఒక ఫోను, నల్లబల్ల, సుద్దముక్క చాలు. ప్రొజెక్టరు వద్దు. అది వెలిగిందంటే పిల్లలు చేతిలో పెన్సిలు పక్కన పెట్టేస్తారు.

చెన్నైకి నీళ్లిచ్చే సంస్థ మెట్రో వాటర్ వెబ్‌సైటులో పూండి, చోళవరం, రెడ్‌హిల్స్, చెంబరంబాక్కం చెరువుల్లో ఏ రోజు ఎంత నీరుందో పెడతారు. తేదీ చూసుకుని, ఆ రోజు నిల్వలు బోర్డు మీద రాయండి. పక్కన నిండు సామర్థ్యం: పూండి 3,231, చోళవరం 1,081, రెడ్‌హిల్స్ 3,300, చెంబరంబాక్కం 3,645 మిలియన్ ఘనపుటడుగులు. శాతం అక్కడే కట్టి ఉన్నా చూపించకండి. ఫోను జేబులో పెట్టేయండి.

అసలు చిక్కు ఇక్కడుంది. అదే పట్టికలో నీటిమట్టం అడుగుల్లో కూడా ఉంటుంది. చిన్న అంకెలు కదా అని చాలామంది టీచర్లు దాన్నే భాగించమంటారు. చేయకండి. ఆ మట్టం చెరువు అడుగుభాగం నుంచి కాదు, సముద్రమట్టం నుంచి కొలిచింది. పూండి నిండు మట్టం 140 అడుగులు, చెరువు లోతు 35 అడుగులే. అంటే అడుగుభాగం 105 దగ్గరుంది. చుక్క నీరు లేకపోయినా 105ని 140తో భాగిస్తే 75 శాతం వస్తుంది! 2019 వేసవిలో ట్యాంకర్ల వెనక బిందెలతో నిలబడ్డ ఊళ్లో పిల్లలకు ఇలాంటి లెక్క నేర్పకూడదు.

లోతు తీసుకున్నా తప్పే. చెరువు గ్లాసులా ఉండదు, మూకుడులా ఉంటుంది. నిజంగానే ఒక మూకుడు తెచ్చి, సగం లోతుకు ఎన్ని గ్లాసులు పట్టాయో, నిండడానికి ఇంకెన్ని పట్టాయో పిల్లల చేతే పోయించండి. సగం లోతంటే సగం నీళ్లు కావని వాళ్లే చెబుతారు. ఈ పది నిమిషాలు తొందరపడొద్దు. అరగంట వీడియో వేసినా రాని సంగతి ఇది. నిల్వను సామర్థ్యంతో భాగించడం ఆ తర్వాతే.

మన తెలుగు పిల్లలైతే ఇంకో ముక్క చెప్పండి. శ్రీశైలంలో బయల్దేరిన కృష్ణ నీళ్లు నెల్లూరు జిల్లాలోని సోమశిల, కండలేరు జలాశయాలు దాటి తెలుగుగంగ కాలువలో పూండికే చేరతాయి. నెల్లూరులో అమ్మమ్మ ఉన్న పిల్ల పూండి అంకెను ఇక మరిచిపోదు.

మర్నాడు మళ్లీ తెరిచి, నిన్నటి నిల్వ పక్కన ఈరోజుది రాయించండి. ఈ పాఠం అక్టోబరు, డిసెంబరు మధ్య పెట్టుకోండి, ఈశాన్య రుతుపవనాలకు అంకెలు చకచకా మారతాయి.