వర్డ్‌లో తెలుగు – 3వ పాఠం: తెగిన ఒత్తులు, విడిపోయిన అక్షరాలు

పోయిన పాఠంలో ఇన్‌స్క్రిప్ట్ అనే తెలుగు టైపింగ్ కీబోర్డు పెట్టుకుని మీ చిరునామా టైపు చేసి ఉంచమన్నాను కదా, ఆ ఫైలు తెరవండి. తెరమీద ఏదైనా తేడాగా ఉంటే కంగారుపడి ఫాంటు మార్చేయకండి. తేడా ఎలా ఉందో ముందు చూడాలి.

పరీక్షకు మన శ్రీకాకుళం జిల్లా మాటే ఒకటుంది: శ్రీకూర్మం. ఇందులో 'శ్రీ' మన కంటికి ఒక్క అక్షరం. కంప్యూటర్ లోపల మాత్రం శ, పొల్లు, ర, గుడిదీర్ఘం అని నాలుగు ముక్కలుగా ఉంటుంది. వాటిని కలిపి ఒక్క రూపం కట్టే పని ఫాంటు, సాఫ్ట్‌వేర్ కలిసి చేస్తాయి.

ఆ ముక్కలు విడివిడిగా కనిపిస్తే కలిపే పని జరగడం లేదన్నమాట. పాత ఫోటోషాప్‌లో యూనికోడ్ (ప్రతి అక్షరానికీ ఒక సంఖ్య ఇచ్చే ఇప్పటి పద్ధతి) తెలుగు అతికిస్తే జరిగేది ఇదే, దానికి ఆ విద్య రాదు. చుక్కల సున్నా మీద గుణింతం గుర్తు కూర్చుంటే తప్పు టైపింగ్‌లో ఉంది: హల్లు లేకుండా గుర్తు పడింది. చెరిపి మళ్లీ కొట్టండి. డబ్బాలు వస్తే ఆ అక్షరాలున్న ఫాంటే సిస్టంలో లేదు. విండోస్ 8 నుంచి నిర్మలా యూఐ ఉంటోంది కాబట్టి ఈ బాధ ఇప్పుడు తక్కువ.

ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తులు కలగాపులగంగా వస్తే అది వేరే కథ. ఆ ఫైలు అను లాంటి పాత ఫాంట్లలో కొట్టినది. ఆ పద్ధతిలో ఇంగ్లిష్ అక్షరాల గదుల్లో తెలుగు బొమ్మలు పెట్టారు. ఆ ఫాంటు లేని సిస్టంలో బొమ్మ పోయి గది మిగులుతుంది. ఆ ఫాంటన్నా ఎక్కించాలి, కన్వర్టర్‌తో యూనికోడ్‌లోకన్నా మార్చాలి.

ఇక నన్ను ఎక్కువ ఏడిపించినది ఒత్తులు తెగడం. మా మేనకోడలి శుభలేఖ నేనే కంపోజ్ చేశాను. విజయనగరంలో ఒక షాపువాళ్లు ప్రూఫ్ ఇస్తే 'శ్రీ' కింద రావత్తు సగానికి కోసినట్టుంది. ఫాంటు పాడైందని మూడు ఫాంట్లు మార్చాం. మూడింట్లోనూ అదే కోత! టెన్షన్‌తో ఆ రాత్రి నిద్ర లేదు. తప్పు ఫాంటుది కాదు, వరసలది. నేను వాడినది పాత ఇంగ్లిష్ ఉత్తరం ఫార్మాట్. అందులో పేరాగ్రాఫ్ సెట్టింగులో లైన్ స్పేసింగ్ 'ఎగ్జాక్ట్‌లీ' 14 పాయింట్లని ఉంది. ఇంగ్లిష్ అక్షరాలకు ఆ ఎత్తు చాలు. మన ఒత్తులు కిందికి వేలాడతాయి, చోటు చాలక తెగుతాయి. దాన్ని 'సింగిల్' గానీ 'ఎట్ లీస్ట్' గానీ చేస్తే సరిపోతుంది. లిబ్రె ఆఫీస్‌లో అయితే 'ఫిక్స్‌డ్' అని ఉందేమో చూడండి.

ఇంకో చిక్కు. ఫాంటు పెట్టెలో ఏరియల్ అని ఎంచుకున్నా తెలుగు అక్షరం మారదు. ఏరియల్‌లో తెలుగు లేదు, సాఫ్ట్‌వేర్ చడీచప్పుడు లేకుండా వేరే ఫాంటు తెచ్చి చూపిస్తుంది. అందుకే పెట్టెలో పేరు చూసి నమ్మకండి. లిబ్రె ఆఫీస్ కాస్త నయం, సిస్టంలో లేని ఫాంటు పేరును వాలు అక్షరాల్లో చూపిస్తుంది.

గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరికే వాటిలో గిడుగు, గురజాడ అనే పేర్లవి ఉన్నాయి. ఒకరు శ్రీకాకుళం దగ్గరి పర్వతాలపేటలో పుట్టినవారు, ఇంకొకరు విజయనగరంలో ఉండి రాసినవారు. మనవాళ్లని దించుకోండి. అయితే ఆ ఫైలు షాపుకి పంపేటప్పుడు వర్డ్‌లో ఫైల్, ఆప్షన్స్, సేవ్‌లోకి వెళ్లి 'ఎంబెడ్ ఫాంట్స్' టిక్కు పెట్టండి. లేదంటే అక్కడ వేరే ఫాంటు వచ్చి పేజీలు జరిగిపోతాయి. పీడీఎఫ్ పంపినా చాలు.

ఈ వారం పని: శ్రీకూర్మం, స్త్రీ, ఆమదాలవలస అని మూడు వరసలు కొట్టండి. లైన్ స్పేసింగ్ 'ఎగ్జాక్ట్‌లీ' 12 పెట్టి, అక్షరం సైజు 11 నుంచి ఒక్కొక్కటే పెంచుతూ ముందు ఏ మాట తెగుతుందో రాసుకోండి. వచ్చే పాఠం ఆ కాగితంతోనే మొదలుపెడదాం.